పొగ తేనీరు: కాచుటయు, రుచి చూచుటయు

ఫోరస్ రోడ్డు మొదలుకొని కామాఠీపురా గల్లీల వరకు మన చాళ్లలో ఒకే పానీయమునకు అయిదు పేర్లు వినబడుచుండును. పాలమూరునుండియో నల్లగొండనుండియో వచ్చిన ఇంటి పెద్దమ్మ "చాయ" అనును. క్రింది అంతస్తులోని మరాఠీవారు "చహా" అందురు. ఉర్దూ మాటలాడు పొరుగువారికి అది "చాయ్". పనికి పోవు యువకులు "టీ" అందురు. పిల్లల వాచకములందు మాత్రము "తేనీరు" అని యుండును. ఈ చివరి మాట కనబడినపుడు బాలురు కొందరు తేనె కలిపిన నీరని అర్థము చెప్పుదురు. అర్థము తప్పే గాని అందమైన తప్పు. తేనీరునకు తేనెతో చుట్టరికము లేదు; తే యనునది ఆకు పేరు.

ఆ "తే" ఎక్కడిది? చీనాదేశపు ఆగ్నేయ తీరమున ఫూజియన్ అను రాష్ట్రము కలదు. అచ్చటి అమోయ్ రేవు ప్రాంతపు భాషలో ఈ ఆకును "తే" అందురు. డచ్చి వర్తకులు సరకుతోపాటు మాటనుగూడ ఓడలలో పశ్చిమమునకు కొనిపోయిరి. ఆంగ్లేయుల టీ అదియే. మన తేయాకు, తమిళుల తేయిలై గూడ ఆ వంశమువే. చీనాలోని తక్కిన పెక్కు ప్రాంతములలో "చా" అందురు. ఆ మాట భూమార్గమున నడచి పారశీకమునందు చాయ్ అయినది. కావున ముంబయిలోని తెలుగు బాలుడు ఇంటిలో చాయ యనియు, బడిలో తేనీరనియు పలికినచో, ఒక మాట వెనుక ఒంటెల బాటయు, రెండవదాని వెనుక ఓడల బాటయు నున్నవి. పలు భాషల నడుమ పెరుగుచున్న మన పిల్లలకు ఇది తప్పక చెప్పదగిన సంగతి.

ఈ వ్యాసమున మనము పరీక్షింపబోవు ఆకు, ఆ "తే" పుట్టిన ఫూజియన్ రాష్ట్రములోనిదే. దాని పేరు లాప్సాంగ్ సూచాంగ్. పొగ పట్టించి ఆరబెట్టిన నల్ల తేయాకు. మన వీథి దుకాణములలో దొరకని ఖరీదైన ఆకును గురించి ఫోరస్ రోడ్డు తల్లిదండ్రులకేల యని మీరడుగవచ్చును. రుచి చూచుట నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠ్యవస్తువు నాకు కనబడలేదు. మన ఇంటి గ్లాసులోని రంగు, వగరు, పొగ ఎక్కడినుండి వచ్చినవో చెప్పగల నోరు ఇంటిలో ఒకటి యున్నచో, అది పిల్లల ఆరోగ్యమునకే కాపు.

ఫూజియన్ నందలి వుయీ పర్వతములలో టోంగ్ము అను పల్లె యున్నది. పొగ తేయాకునకు జన్మస్థానమదియే. సూచాంగ్ అనగా "చిన్న రకము" అని యర్థము. ఒకప్పుడు సైనికులు ఆ పల్లెలో దిగగా, ఆకు సకాలమున ఆరక పాడగుచుండెననియు, అంతట పల్లెవారు తొందరపడి పైన్ కట్టెల మంటపై దానిని ఆరబెట్టిరనియు ఒక కథ చెప్పుదురు. కథ నిజమైనను కాకున్నను పద్ధతి మాత్రము నేటికిని ఉన్నది. అంతస్తులుగల కొయ్య ఇంటిలో క్రింద పైన్ కట్టెలు మండింతురు. పై అంతస్తులలో చాపలపై పరచిన ఆకు ఆ వేడికి వాడును. వాడిన ఆకును నలిపి, కొంతసేపు గాలికి వదలుదురు. కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడినట్లే ఆకును నల్లబడును. పిమ్మట దానిని మరల పైన్ పొగపై ఆరబెట్టుదురు. పైన్ జిగురునందలి లాంగిఫోలీన్, కట్టె కాలునపుడు పుట్టు గ్వయకాల్ మున్నగు ద్రవ్యములు ఆకునకు పట్టి యుండును. అదే పల్లెలో 2005లో పొగ పట్టింపక, లేత మొగ్గలతో చేయు మరియొక నల్ల తేయాకును కనిపెట్టిరి. కావున పొగ విధి కాదు. కావలెనని ఎంచుకొన్న గుణము.

మన దేశమందును పొగ తేయాకు లేకపోలేదు. అస్సాం, అరుణాచల్ ప్రదేశ్ లలోని సింగ్ఫో జాతివారు ఆకును పెనముపై వేచి, వెదురు గొట్టములలో దట్టించి, పొయ్యిపై వ్రేలాడదీసి పొగకు ఆరనిత్తురు. అస్సాం అడవులలో తేయాకు మొక్క యున్నదని 1823లో రాబర్ట్ బ్రూస్ అను స్కాట్లండు దేశీయునకు తెలిసినది సింగ్ఫో నాయకుని వలననే. అస్సాం తేయాకు లండనులో మొదటిసారి వేలమునకు వచ్చినది 1839 జనవరిలో. అంతకుముందు ఆంగ్లేయులు త్రాగిన తేనీరంతయు చీనాదే యనవచ్చును.

ఆ చీనా వర్తకమునకును మన పేటకును సంబంధము కలదు. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ అను కట్ట ముగిసి సముద్రపు నీరు ఆగిన పిదప, ఈ పల్లపు నేలలు నివాసయోగ్యములైనవి. 1795 మొదలుగా ఇచ్చట స్థిరపడిన తెలుగు కూలీలను కామాఠీలనిరి. పేటకు వారి పేరే నిలిచినది. ఆ కట్ట ముగియుటకు ముందేడు పుట్టిన జంషెడ్జీ జీజీభాయ్ యువకుడుగా చీనాకు పలుమార్లు ఓడలలో పోయి ప్రత్తి, నల్లమందు వ్యాపారమున కోట్లు గడించెను. బొంబాయి ఓడలు కాంటన్ రేవున దింపిన సరకునకు ప్రతిగా ఆంగ్లేయులకు దొరకినది ముఖ్యముగా తేయాకే. మనకు నడక దూరమున, ఆయన విరాళముతో 1845లో వెలసిన జె. జె. ఆసుపత్రి యందు మన వారెందరో పుట్టిరి. నల్లమందు సొమ్ము ఆసుపత్రి యగుట విచిత్రమే. చరిత్రలో ఇట్టివి తక్కువ గాదు.

ఇక కాచుట. పొగ తేయాకును పాలలో మరిగింపరాదు. మంచినీరు ఒక గ్లాసు, అనగా 200 మిల్లీలీటర్లు, తెర్లునట్లు కాచి దింపవలెను. పింగాణీ గిన్నెలో 2 గ్రాముల ఆకు, అనగా నిండుగా ఒక చిన్న చెంచాడు, వేసి నీరు పోసి మూత పెట్టవలెను. 3 నిమిషములకు వడగట్టవలెను. రంగు ఎఱ్ఱని రాగి చాయలో నుండును. పాలు, చక్కెర లేకుండనే చూడుడు. ఆకు పెద్దది గనుక అదే ఆకుపై రెండవ మారు నీరు పోసి 4 నిమిషములుంచినను రుచి దిగును. పొగ మాత్రము మొదటిదానికంటె తగ్గును.

రుచి చూచు వృత్తివారు వేరొక కొలత వాడుదురు. 1980లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, 6 నిమిషములు. ఆ తేనీరు త్రాగుటకు సుఖముగా నుండదు. గుణములతోపాటు లోపములన్నియు బయటపడవలెనని అంత గాఢముగా చేయుదురు. వారు చెంచాతో తీసికొని, చప్పుడగునట్లు గాలితో కలిపి జుఱ్ఱుదురు. మన పిల్లలు అట్లు చేసినచో మందలింతుము. కాని ఆ జుఱ్ఱుటలోనే కిటుకు కలదు: గాలితో కలిసిన తేనీటి వాసన గొంతు వెనుకనుండి ముక్కునకు చేరును.

ఇచ్చట పిల్లలచేత ఒక ప్రయోగము చేయింపవచ్చును. ముక్కు మూసికొని పొగ తేనీరు ఒక చెంచాడు నోట పోసికొనవలెను. కొంచెము చేదు, కొంచెము వగరు తెలియును, పొగ తెలియదు. ముక్కు విడువగానే హోమము జరిగిన ఇల్లు, సాంబ్రాణి, తారు జ్ఞప్తికి వచ్చును. ఉగాది పచ్చడిలో మన పెద్దలు ఆరు రుచులు చెప్పిరి గాని పొగను చేర్చలేదు. పొగ నాలుక పని కాదు, ముక్కు పని. వగరును మాత్రము వేరుగా లెక్కించి పేరు పెట్టిరి. చేదునకును వగరునకును తేడా తెలియని వారు లోకమున ఎందరో యున్నారు. మామిడి పిందె కొఱికిన తెలుగు బిడ్డకు అది చెప్పనక్కరలేదు. తేనీటిలో చేదు కొంత కెఫీను వలన, వగరు పాలీఫినాలులు అను ద్రవ్యములు లాలాజలమునందలి మాంసకృత్తులను పట్టుకొనుట వలన కలుగును. ఈ పట్టుకొను గుణమును గుర్తుంచుకొనుడు. క్రిందనే దానితో పనియున్నది.

పొగ అన్ని చోట్ల గుణము కాదు. మన దేశపు తేయాకు కర్మాగారములలో ఆరబెట్టు యంత్రపు కొలిమి గొట్టము చీలినచో పొగ ఆకునకు పట్టును. రుచి చూచువారు దానిని దోషమని వ్రాసికొందురు, ధర పడిపోవును. టోంగ్ములో అదే పొగకు ఎక్కువ ధర. ఇంటిలోని సంగతియు నిట్టిదే. మన చాళ్లలో మునుపు బొగ్గుల శెగడీ, పిదప కిరసనాయిలు స్టౌ ఉండెను. నేడు పెక్కిండ్ల గ్యాసు వచ్చినది. తేయాకు చుట్టునున్న వాసనలను మిక్కిలి త్వరగా పీల్చును. పది అడుగుల గదిలో సబ్బు, ఇంగువ, మసాలా, తేయాకు ఒకే అలమరలో నుండక తప్పదు. కనుక బిగువైన మూతగల రేకు డబ్బా కావలెను. పొగ తేయాకు దొరకినచో దానికి వేరే డబ్బా. లేనిచో ఇంటి ఆకంతయు నాలుగు దినములలో దాని వాసనే వేయును.

మనము నిత్యము వాడునది సి. టి. సి. ఆకు. పిండి, చించి, చుట్టు యంత్రము 1930 ప్రాంతమున అస్సాములో పుట్టినది. గింజలవంటి ఆ ఆకు క్షణములో రంగు దింపును. పాలతో కలుపుటకు తగినది. తక్కువ ధరకు ఎక్కువ గ్లాసులు వచ్చును గనుక పేదవాని ఆకు అదియే. దానిని నేను నిందింపను. కాని మనము రంగునే బలమని భ్రమపడుచున్నాము. నల్లగా నున్నదా మంచి చాయ, లేదా నీళ్ల చాయ. ఈ భ్రమనే కల్తీవారు నమ్ముకొని యున్నారు. వాడి పారవేసిన ఆకును ఎండబెట్టి రంగు వేసి అమ్ముటకు అదియే అవకాశము. పరీక్ష సులభము. వడపోత కాగితముపై కొంచెము ఆకు చల్లి, నీరు చిలుకరించి తడిపి, ఆకును కొళాయి క్రింద కడిగివేసి, కాగితమును వెలుతురునకు పట్టి చూడవలెను. శుద్ధమైన ఆకైనచో కాగితముపై మరక నిలువదు. కృత్రిమపు రంగు వేసిన ఆకైనచో నిలుచును. అయస్కాంతమును ఆకుపై త్రిప్పినచో ఇనుప రజను పైకి అంటును. మరిగిన కొలది రంగు పెరుగును గాని వాసన చచ్చి వగరు మిగులును. ఉదయపు గిన్నెను సాయంకాలము వరకు మరల మరల కాచుట మానుడు.

ఇప్పుడు పిల్లల సంగతి. బడికి పోవు ముందు గ్లాసెడు చాయలో పావు ముంచి పెట్టి పంపుట మనలో పెక్కు ఇండ్ల వాడుక. తల్లి వేకువనే పనికి పోవలసిన ఇంటిలో అంతకంటె త్వరగా అగునది లేదు. అందుకు తప్పు పట్టుట న్యాయము గాదు. అయినను పైన చెప్పిన పాలీఫినాలులు లాలాజలమునే గాక, ఆకుకూరలలో, పప్పులలో, జొన్నలలో నుండు ఇనుమునుగూడ పట్టుకొనును. భోజనముతోపాటు నల్ల తేనీరు త్రాగినచో ఆ ఇనుము ఒంటికి పట్టుట సగమునకు మించి తగ్గునని ప్రయోగములు తెలిపినవి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున ఆరు నెలలనుండి అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 67 మంది రక్తహీనులు. పదునైదునుండి పందొమ్మిదేండ్ల బాలికలలో నూటికి 59 మంది. తరగతిలో కునికిపాట్లు పడు పిల్లవానిని సోమరి యనుటకు ముందు ఈ లెక్క తలచుకొనవలెను.

కూనూరు తేయాకు కొండలలో 1918లో ఆరంభమైన పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనలలో, భోజనమునకు కనీసము ఒక గంట ముందును, ఒక గంట పిదపను టీ, కాఫీలు మానుడని చెప్పినది. పెద్దలకైనను దినమునకు 300 మిల్లీగ్రాముల కెఫీను మించరాదనియు, 150 మిల్లీలీటర్ల తేనీటిలో 30 మొదలు 65 మిల్లీగ్రాముల వరకు ఉండుననియు అందు కలదు. ఆ లెక్కను బట్టి ముంబయి "కటింగ్" పద్ధతి పెద్దలకు మేలే. పిల్లవానికి పావుతో చాయ బదులు పాలు ఇచ్చిన మంచిది. పాలు కొనజాలనిచో రాగి జావ. మరాఠీ దుకాణములలో రాగులను నాచ్ణీ యని యడుగవలెను. మధ్యాహ్నపు తోటకూర పప్పుపై నిమ్మకాయ పిండినచో ఇనుము ఎక్కువగా పట్టును.

రుచి పాఠము మాత్రము పిల్లలతో చేయుటకు అభ్యంతరము లేదు. ఆదివారము సాయంకాలము, భోజనమునకు దూరముగా, మూడు గిన్నెలు పెట్టుడు. ఒకదానిలో ఇంటి సి. టి. సి. ఆకు 3 నిమిషములు, రెండవదానిలో అదే ఆకు 10 నిమిషములు మరిగినది, మూడవదానిలో నీలగిరి గాని డార్జిలింగు గాని పెద్ద ఆకు. పొగ తేయాకు సంపాదింపగలిగినచో నాల్గవది. అన్నియు పాలు లేనివి, గోరువెచ్చనివి. ఒక్కొక్క చెంచాడు చాలును. ఏది ఏదో చెప్పక, చేదు దేనిలో, వగరు దేనిలో, వాసన దేనిలో అని బాలునిచేత తెలుగులో వ్రాయింపుడు; పిదప తల్లియు తండ్రియు వేరువేరుగా వ్రాసి మూడు కాగితములను పోల్చి చూడుడు.