చాట పక్కన పెట్టి లేవాలంటే

కాళ్ల బలం పరీక్షించడానికి ముందు ఒక కుర్సీ కావాలి. కూర్చునే చోటు నేల నుంచి 17 అంగుళాల ఎత్తుండాలి, వెనక్కి జరక్కుండా గోడకు ఆనించి పెట్టాలి. మోకాళ్ల నొప్పితో వచ్చిన అవ్వను కుర్సీ మధ్యలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకొమ్మంటారు. ఇక 30 సెకన్ల పాటు చేతుల సాయం లేకుండా పూర్తిగా లేచి నిలబడుతూ, మళ్లీ కూర్చుంటూ ఉండాలి. 65–69 ఏళ్ల ఆడమనిషి 11 సార్ల కన్నా తక్కువ, అదే వయసు మగమనిషి 12 సార్ల కన్నా తక్కువ లేస్తే కాళ్ల బలం వయసుకు తగ్గట్టు లేదని, పడిపోయే ముప్పు ఎక్కువని లెక్క. చేతులు ఆనకుండా ఒక్కసారీ లేవలేకపోతే సున్నా రాయాలి. సున్నా వచ్చిందని సిగ్గుపడాల్సిన పని లేదు, పరీక్ష దాటేసి పోవాల్సిన పని అంతకన్నా లేదు. మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీ ఎక్కణ్నించి మొదలుపెట్టాలో ఆ అంకే చెబుతుంది.

బోధన్, నిజామాబాద్ ఊళ్లలో ఈ కుర్సీ దాకా వచ్చే పెద్దవాళ్లలో బీడీలు చేసే ఆడవాళ్లు చాలామంది ఉంటారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం, చేతిలో కత్తెర. ఒక కాలు మడిచి, మెడ వంచి, పొద్దంతా నేల మీదే కూర్చుంటారు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది గనుక లేస్తే నష్టం. అందుకే ఫిజియోథెరపిస్టు అడిగే మొదటి ప్రశ్నలు నొప్పి గురించి కన్నా పని గురించే ఉండాలి.

"ఏమైతున్నదవ్వా?"

"మొకాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా. కూసుంటె లేవస్తలేదు, లేస్తె నడువస్తలేదు."

"దినాం ఎంతసేపు కూసుంటవ్?"

"వెయ్యి బీడీలయ్యేదాంక."

ఈ చివరి జవాబులో ఎనిమిది, పది గంటలున్నాయి. మధ్యలో ఎన్నిసార్లు లేస్తుంది, ఏ కాలు ఎక్కువసేపు మడుస్తుంది, లేచేటప్పుడు ఏం పట్టుకుంటుంది, దొడ్డికి కూర్చుంటే ఎట్లా లేస్తుంది అన్నవి ఒక్కొక్కటీ అడిగి రాసుకోవాలి. షుగర్, బీపీ ఉన్నాయా, ఏ గోలీలు మింగుతోంది, ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడిందా అన్నవీ అడగాలి.

ఈ దశలోనే కొందరిని వ్యాయామానికి కాకుండా నేరుగా డాక్టరు దగ్గరికి పంపాలి. జ్వరంతో పాటు కీలు ఎర్రగా వాచినవాళ్లు, పడ్డ తర్వాత కాలు మోపలేనివాళ్లు, ఉన్నట్టుండి ఒక్క పిక్క వాచి నొప్పి పెడుతున్నవాళ్లు, నడుం నొప్పితో పాటు మూత్రం మీద అదుపు తప్పినవాళ్లు, కాళ్లు చచ్చుబడుతున్నవాళ్లు ఆలస్యం చేయకూడదు. ఇవేవీ లేకుంటే ముందుకు పోవచ్చు. ఎక్స్‌రేలో అరుగుదల ఎక్కువ కనబడ్డా నొప్పి తక్కువ ఉన్నవాళ్లున్నారు, అరుగుదల తక్కువై నొప్పి ఎక్కువైనవాళ్లూ ఉన్నారు. ఫిల్ము చూసి "గుజ్జు అయిపోయింది, ఇంక ఏం జెయ్యలేం" అనేయడం ముసలివాళ్లకు జరిగే పెద్ద అన్యాయం. కీలు లోపల అరిగింది తిరిగి రాకపోవచ్చు. ఆ కీలును మోసే తొడ కండరం మాత్రం డెబ్బై ఏళ్లకూ బలపడుతుంది. ఈ వైద్యమంతా ఆ ఒక్క నిజం మీద నిలబడింది.

ఆ కండరం ఎంత బలహీనపడిందో పరీక్షలో చేతికే తెలుస్తుంది. అవ్వను మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద తువ్వాల చుట్ట పెట్టి, దాన్ని కిందికి అదమమంటారు. అప్పుడు మోకాలి చిప్పకు కాస్త పైన, తొడ లోపలి వైపు రెండు వేళ్లు ఆనిస్తే, బాగున్న కాలికి కండ గట్టిగా ముడుచుకుని పైకి లేస్తుంది. నొప్పి కాలికి అదే చోట మెత్తగా, వదులుగా తగులుతుంది. అవ్వ వేళ్లనే అక్కడ పెట్టించి చూపిస్తే ఇంకా మంచిది. గంటసేపు చెప్పే మాటల కన్నా ఆ తేడా ఆమెకు ఎక్కువ చెబుతుంది.

తర్వాత గురి ఏమిటో ఖాయం చేసుకోవాలి. "నొప్పి తగ్గాలి" అంటే ఎంత తగ్గిందో కొలవడం కష్టం. "చాట పక్కన పెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేల మీంచి లేవాలి" అన్నది కొలవగలిగే గురి. దానికి 12 వారాలు పెట్టుకోవచ్చు.

మొదటి రెండు వారాల్లో పనంతా మంచం మీదే. ఇందాకటి తువ్వాల చుట్టనే ఐదు సెకన్లు అదిమి పట్టి వదలాలి, పది సార్లు. ఒక మోకాలు మడిచి, రెండో కాలును వంచకుండా మడిచిన మోకాలి ఎత్తు దాకా లేపి, ఐదు అంకెలు లెక్కబెట్టి మెల్లగా దింపాలి, అదీ పది సార్లు. మడమను పరుపు మీద జరుపుతూ మోకాలు వీలైనంత మడిచి చాపాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. ఊపిరి బిగబట్టకూడదు. అంకెలు పైకి లెక్కబెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

వ్యాయామానికి ముందు పదిహేను నిమిషాలు వేడి కాపడం పెడితే బిగుసుకున్న కీలు సులువుగా కదులుతుంది. కొత్తగా వాచి ఉంటే మాత్రం చల్లటి కాపడం పెట్టాలి. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్ల కాళ్లకు స్పర్శ తగ్గి ఉండొచ్చు. వాళ్లకు వేడి పెట్టేముందు ఇంట్లో ఇంకొకరు తమ చేతి మీద పెట్టి చూడాలి, లేకుంటే కాలి బొబ్బ లేచినా తెలియదు. కరెంటు మిషన్లు, మెరిసే లైట్లు నొప్పిని కాసేపు అదుపులో పెడతాయి, అంతవరకే. పది రోజులు మిషన్ పెట్టించుకుని ఒక్క వ్యాయామమూ నేర్చుకోకుండా వస్తే ఆ డబ్బులు పోయినట్టే.

ఇక్కడ అందరికీ వచ్చే భయం ఒకటుంది, చేస్తుంటే నొప్పి లేస్తే ఆపాలా అని. పదికి మూడు, నాలుగు దాకా నొప్పి ఉండొచ్చు. తెల్లారేసరికి అది మామూలు స్థాయికి దిగాలి. దిగకపోయినా, మోకాలు వాచినా మరునాడు లెక్క సగం చేయాలి, మానేయకూడదు. బలం ఒక్కరోజు తెగించి చేస్తే రాదు. నిజాంసాగర్ కాలువ నీళ్లు తడుల మీద ఇచ్చినట్టు, కొంచెం పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ పెట్టాలి. భారం పెంచే వ్యాయామాలకు మధ్యలో ఒక రోజు విడుపు కావాలనేది ఇందుకే.

మూడో వారం నుంచి కాళ్ల మీదికి రావాలి. ఇందాకటి కుర్సీ మీద దుప్పట్లు మడిచి రెండు, మూడు మందాలు వేస్తే కూర్చునే ఎత్తు పెరిగి లేవడం సులువవుతుంది. పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు మోకాళ్ల ముందుకు వచ్చేదాకా వంగి, అప్పుడు లేవాలి. చాలామంది నిటారుగా కూర్చుని చేతులతో తోసుకుని లేవాలని చూస్తారు, భారమంతా మోకాలి చిప్ప మీద పడేది అక్కడే. లేచినంత మెల్లగానే కూర్చోవాలి, కూలబడకూడదు. అసలు బలం ఆ దిగడంలోనే వస్తుంది. ఎనిమిది సార్లు సులువుగా లేవగలిగిన రోజున ఒక దుప్పటి తీసేయాలి. దుప్పట్లన్నీ పోయాక కుర్సీ వదిలి పీట ఎత్తుకు దిగొచ్చు. దీనితో పాటు తక్కువ ఎత్తున్న ఒక మెట్టు మీదికి, దర్వాజ పట్టుకుని ఎక్కి దిగడం చేయాలి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

ఆరో వారం నుంచి నేల. ఇది తొందరపడి చేసే పని కాదు, ఒక మనిషి పక్కనుండాలి. ముందు దిగడం నేర్పి, తర్వాత లేవడం నేర్పడం మేలు. అవ్వ నేల మీద కూర్చుని ఉందనుకుందాం. ఎదురుగా లేవబోకూడదు. ముందు ఒక పక్కకు ఒరిగి, రెండు అరచేతులూ నేలకు ఆనించి, చంటిపిల్లలు దోగాడే తీరుకు రావాలి. మోకాళ్ల కింద మడిచిన గొంగడి ఉంటే ఒత్తిడి తెలియదు. దోగాడుతూ మంచం దాకా పోయి, రెండు చేతులూ మంచం పట్టె మీద వేయాలి. బలమున్న కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేలకు పూర్తిగా ఆనించాలి. ఒక శ్వాస తీసుకుని, చేతులతో అదుముతూ ఆ కాలి మీదే లేచి, తిరిగి మంచం మీద కూర్చోవాలి. వెంటనే నడవకూడదు. బీపీ గోలీలు మింగేవాళ్లకు కళ్లు తిరగొచ్చు, కాసేపు ఆగాలి. కీలు మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు మోకాలు ఆనించేముందు ఆపరేషన్ చేసిన డాక్టరును అడగాలి. ఈ పద్ధతి వచ్చిన మనిషి ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు జారిపడ్డా, ఎముక విరగలేదంటే, గంటల తరబడి నేల మీద పడి ఉండాల్సిన అవసరం రాదు. ఇంటి మనుషులంతా ఒకసారి చూసి నేర్చుకోవాలనేది నా గట్టి కోరిక.

తూలకుండా నిలబడటం వేరే సాధన. వంటింటి గట్టు దగ్గర నిలబడి, ఒక పాదం మడమ రెండో పాదం బొటనవేలికి తగిలేట్టు పెట్టి 10 సెకన్లు నిలవాలి. నిలవలేకపోతే పడే ముప్పు ఉన్నట్టే, చేతి రెండు వేళ్లు గట్టు మీద ఆనించి సాధన మొదలుపెట్టాలి. 65 దాటినవాళ్లు ఇలాంటివి వారానికి మూడు రోజులైనా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇక పని చేసే చోటు. "కింద కూర్చోవద్దు" అని కాగితం మీద రాసిస్తే బీడీలు చేసే మనిషికి అది "కూలి మానుకో" అన్నట్టే. తెలంగాణలో బీడీ కార్మికుల పింఛను 2015లో మొదలైంది, 2019లో 2016 రూపాయలకు పెరిగింది. దానితోనే ఇల్లు గడవదు, చాట ముందు కూర్చోక తప్పదు. కాబట్టి కూర్చోవడాన్నే మార్చాలి. కింద పీటో, నాలుగు మడతల బొంతో వేసుకుంటే పిర్రలు మోకాళ్ల కన్నా కాస్త ఎత్తుకు వస్తాయి. వీపు గోడకు ఆనాలి. చాట కింద ఇంకో చిన్న పీట పెడితే చూపు కోసం మెడ అంతగా వంచనక్కర్లేదు. కాళ్లు మార్చి మార్చి చాపాలి. దాదాపు యాభై బీడీలకు, అంటే అరగంటకొకసారి, లేచి వాకిట్లో నాలుగడుగులు వేసి, భుజాలు వెనక్కి తిప్పి, గడ్డం లోపలికి లాక్కుని ఐదు అంకెలు పట్టి, వేళ్లు పూర్తిగా చాచి ముడిచి మళ్లీ కూర్చోవాలి. దీనికి పోయేది రెండు నిమిషాలు.

మగవాళ్ల కథ కొంత వేరు. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలై 2015 డిసెంబర్‌లో మూతపడింది. దానికి చెరకు కొట్టి, మోపులు బండ్లకెత్తిన చేతులు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లవి. వీళ్లు నడుం, భుజం నొప్పులతో వస్తారు. షుగర్ కూడా ఉంటే భుజం బిగుసుకుపోయే జబ్బుకు అవకాశం ఎక్కువ. చెయ్యి వెనక్కి పోదు, అంగీ తొడుక్కోవడమే గగనం. దీనికి ముందుకు వంగి చేతిని లోలకంలా వేలాడదీసి ఊపడం, గోడ మీద వేళ్లతో పాకించడం, మంచి చేత్తో కర్ర పట్టి నొప్పి చేతిని పైకి తోయడం నేర్పుతారు. ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పట్టొచ్చు. ఆ సంగతి మొదటి రోజే చెప్పాలి, లేకుంటే నెలకే విసిగి మానేస్తారు. చేతికర్ర విషయంలోనూ ఒక పొరపాటు ఎక్కువ కనబడుతుంది. నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకుంటారు. పట్టాల్సింది రెండో చేత్తో, నొప్పి కాలు ముందుకు పడ్డప్పుడు కర్రా దానితోనే పడాలి. చేతులు వదిలి నిలబడితే మణికట్టు ముడత దగ్గరికి కర్ర పిడి రావాలి.

నొప్పి గోలీలను కిరాణంలో కొన్నట్టు కొని మింగడం మానాలి. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు అవి చేసే చేటు పెద్దది, డాక్టరు ఇచ్చినన్ని రోజులే వాడాలి. లావున్నవాళ్లు ఒక కిలో తగ్గితే అడుగడుక్కూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. వ్యాయామానికి తోడు ఇది చేసినవాళ్లే త్వరగా తేరుకుంటారు.

వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010–11లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ కూడా ఒక భాగం. నిజామాబాద్‌లో 2013 నుంచి వైద్య కళాశాల, దానికి అనుబంధంగా ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. పెద్దవాళ్లను వారం వారం తిప్పలేనివాళ్లు, మొదట ఒకసారి సరిగ్గా నేర్చుకుని, రెండు మూడు వారాలకొకసారి చూపించుకుంటే సరిపోతుంది. ఇంటికి వచ్చేటప్పుడు వ్యాయామాలను ఫోన్లో వీడియో తీసుకోవడం మరవొద్దు, అవ్వ చేస్తున్నదే తీయాలి. పన్నెండు వారాలు పద్ధతిగా చేసినా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే, నాలుగిళ్ల దూరం నడవలేకపోతుంటే అప్పుడు ఎముకల డాక్టరుతో ఆపరేషన్ మాట ఎత్తొచ్చు. అప్పటికీ చేసిందేదీ వృథా కాదు, తొడ బలంతో ఆపరేషన్‌కు పోయినవాళ్లకు ఆ తర్వాత నడక సులువు.

నాట్లు, సోయా కోతలు వచ్చినప్పుడు అందరికీ లెక్క తప్పుతుంది. ఆ రోజుల్లో వారానికి రెండుసార్లు చేసినా వచ్చిన బలం చాలావరకు నిలుస్తుంది. రెండు వారాలకు మించి పూర్తిగా ఆగిపోతే మాత్రం ఆపిన చోట అందుకోవద్దు. దుప్పటి ఒకటి మళ్లీ వేసి, లెక్క సగంతో మొదలుపెట్టి, వారం రోజుల్లో పాత లెక్కకు రావాలి.