డాష్‌క్యామ్ కొంటున్నారా? బాక్స్ మీద 4కె కాదు, లోపలి సెన్సర్ చూడండి

గుద్ది వెళ్లిపోయిన బండి నంబర్ ప్లేట్ వీడియోలో చదవగలిగేలా ఉండాలి. డాష్‌క్యామ్ పెట్టించుకునేది ముఖ్యంగా అందుకే. అందుకని ఏ రెండు మోడల్స్ పోల్చినా నేను ముందు చూసేది సెన్సర్ పేరు.

4కె ఫ్రేమ్‌కి దాదాపు 83 లక్షల పిక్సెల్స్ కావాలి. సోనీ ఐఎంఎక్స్ 335 సెన్సర్‌లో ఉన్నవి సుమారు 50 లక్షలే. దాంతో 4కె అంటున్నారంటే మిగతావి సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతోందన్నమాట. సెన్సర్‌కి అందని అంకె అలా రాదు.

ఐఎంఎక్స్ 415లో 4కె నిజమైనదే. కానీ ఒక్కో పిక్సెల్ సైజు 1.45 మైక్రాన్లు, 335లో 2 మైక్రాన్లు. పిక్సెల్ చిన్నదైతే దానికి అందే వెలుతురూ తక్కువే, రాత్రి వీడియోలో నాయిస్ పెరుగుతుంది. స్టార్విస్ 2 రకం ఐఎంఎక్స్ 678లో 4కె, 2 మైక్రాన్లు రెండూ ఉన్నాయి. రాత్రి ప్రయాణాలు ఎక్కువైతే నా ఓటు దీనికే.

అయినా ఒక పరిమితి ఉంది. 60 కి.మీ. వేగంలో కారు సెకనులో 30వ వంతులోనే అర మీటరు దాటి కదులుతుంది. చీకట్లో షటర్ అంతసేపు తెరిచి ఉంటే ఎదురొచ్చే బండి ప్లేట్ అలికినట్టు వస్తుంది.

ఇక హార్డ్‌వేర్. ఎండలో పార్క్ చేసిన కారులో లిథియం బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. సూపర్ కెపాసిటర్ ఉన్న మోడల్ తీసుకోండి. మెమరీ కార్డు హై ఎండ్యూరెన్స్ రకమే వేయండి.

కొనేముందు ఆ మోడల్ రాత్రి వీడియో ఒకటి పాజ్ చేసి, ప్లేట్ చదవగలరేమో చూడండి.