చిగుళ్ళ నుండి రక్తం: తేయాకు తోటల సాక్ష్యం

పళ్ళు తోముకొనేటప్పుడు రక్తం కనబడితే, నొప్పి లేదు గదా అని చాలామంది ఉపేక్షిస్తారు. కొందరు భయపడి తోమడమే మానుకొంటారు. రెండూ పొరపాట్లే.

పంటికీ చిగురుకూ మధ్య పేరుకొన్న పాచి సూక్ష్మజీవులకు నిలయం. దానివల్ల చిగురు వాచి, తాకగానే రక్తం స్రవిస్తుంది. హారాల్డ్ లో బృందం 1965లో ప్రకటించిన ప్రయోగంలో పన్నెండుమంది పళ్ళు తోమడం మానగా, మూడు వారాలలోగా అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ తోమగా, సుమారు వారంలో వాపు తగ్గింది.

ఉపేక్షిస్తే ఏమవుతుంది? దంతవైద్యం అందని శ్రీలంక తేయాకు తోటల కార్మికులు 480 మందితో 1970లో ఆరంభమైన పరిశీలన పదిహేనేళ్ళు సాగింది. అందరికీ చిగుళ్ళ వాపు ఉన్నది. అయినా నూటికి 8 మందిలో పంటి ఆధారం వేగంగా క్షీణించింది. 81 మందిలో ఒక మోస్తరుగా. 11 మందిలో వ్యాధి వాపును దాటలేదు. ఎవరు ఏ కోవకు చెందుతారో రక్తపు చుక్క చెప్పదు. కరిగిన ఎముక దానంతట అది తిరిగి పెరగదు.

కనుక రక్తం కారే చోటనే మెత్తని బ్రష్షుతో, రోజుకు రెండుసార్లు, మృదువుగా తోమాలి. పొగాకు విడనాడాలి. మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవాలి. గట్టిపడిన గారను దంతవైద్యుడే తొలగించాలి. దానివల్ల పళ్ళు వదులవుతాయన్న భయం నిరాధారం. రెండు వారాలకూ రక్తం ఆగకుంటే వైద్యుని సంప్రదించడంలో జాప్యం కూడదు.