అమీర్‌పేట చుట్టూ విమాన విద్య

అమీర్‌పేట, హైదరాబాద్

చిరంజీవి తేజస్వినికి,

పంజాగుట్ట చౌరస్తా నుంచి నాలుగైదు కిలోమీటర్ల లోపలే విమాన, అంతరిక్ష రంగాల విద్యార్థికి పనికొచ్చే చోట్లు చాలా ఉన్నాయి. ఒకవైపు బేగంపేట పాత విమానాశ్రయం, మరోవైపు ఖైరతాబాద్‌లో ఇంజినీర్ల సంస్థ భవనం, రాజ్‌భవన్ రోడ్డులో హామ్ రేడియో సంస్థ, నౌబత్ పహాడ్ మీద ప్లానెటోరియం. ఇంకొంచెం దూరం వెళితే బాలానగర్‌లో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఏవియానిక్స్ విభాగం, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కనిపిస్తాయి. ఏటా వేల మంది అమీర్‌పేటకు కోర్సులు నేర్చుకోవడానికి వస్తారు. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టల్లో ఉంటూ, వీటిలో ఒక్కదాని గడప కూడా తొక్కకుండా ఊరికి తిరిగి వెళ్లేవారే ఎక్కువ.

ఈ రంగంలో సభలకు, ప్రదర్శనలకు ఇంత ప్రాధాన్యం ఉండడానికి కారణం పని జరిగే తీరులోనే ఉంది. ఒక క్షిపణికి కావలసిన ప్రత్యేక లోహం ఒక సంస్థలో తయారవుతుంది. దాని ఆకృతిని మరొకరు లెక్కగడతారు, దారి చూపే పరికరాన్ని వేరొకరు చేస్తారు, పరీక్షించేవారు ఇంకొకరు. హైదరాబాద్‌లో ప్రత్యేక లోహాలు చేసే మిధాని, క్షిపణి ప్రయోగశాలలైన డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఆదిభట్లలో విమాన భాగాలు తయారుచేసే కర్మాగారాలు, స్కైరూట్, ధ్రువ స్పేస్ లాంటి కొత్త కంపెనీలు అన్నీ ఇలా పంచుకున్న పనితోనే నడుస్తాయి. ఏ పని ఎవరు చేస్తారో, దానికి ఏ చదువు కావాలో సిలబస్‌లో ఉండదు. ఆ పని చేసేవారు నలుగురు కూడిన చోటే అది తెలుస్తుంది.

అన్నిటికన్నా పెద్ద వేడుక బేగంపేటలో జరిగేదే. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలవగానే బేగంపేట నుంచి రోజువారీ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఖాళీ అయిన ఆ రన్‌వే మీద అదే ఏడాది అక్టోబరులో ‘ఇండియా ఏవియేషన్’ ప్రదర్శన జరిగింది. 2018 నుంచి దాన్నే ‘వింగ్స్ ఇండియా’ పేరుతో రెండేళ్లకోసారి జరుపుతున్నారు. కేంద్ర పౌర విమానయాన శాఖ, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ, పరిశ్రమల సమాఖ్య ఫిక్కీ కలిసి నిర్వహిస్తాయి. యుద్ధ విమానాల ప్రదర్శన బెంగళూరు యలహంకలో బేసి సంవత్సరాల్లో జరిగే ఏరో ఇండియా. బేగంపేటది పౌర విమానయానానికి సంబంధించినది. మొదటి రోజులు వ్యాపారులవి, చివరి రోజులు సాధారణ సందర్శకులవి. విద్యార్థులు చాలామంది జనం రోజుల్లోనే వెళ్లి, వైమానిక దళ సారంగ్ జట్టు హెలికాప్టర్ల విన్యాసాలు ఫోన్‌లో తీసుకుని వస్తారు. అందులో తప్పేమీ లేదు గానీ, స్టాళ్లలో ఇంజినీర్లతో మాట్లాడే వీలు జనం పలచగా ఉన్న రోజుల్లోనే ఎక్కువ.

2024 జనవరి 18 నుంచి 21 వరకు జరిగిన ప్రదర్శనలో ఎయిర్ ఇండియా కొత్త ఏ350తో పాటు బోయింగ్ 777-9 కూడా నిలబడింది. ఈ రెండో విమానం రెక్క చివర మడత పడుతుంది. రెక్క చాచినప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 71.8 మీటర్లు, మడిస్తే సుమారు 64.8 మీటర్లు. రెక్క ఎంత పొడవుగా, సన్నగా ఉంటే దాని కొసల దగ్గర గాలి సుడులు తిరగడం వల్ల కలిగే నిరోధం అంత తగ్గుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. కానీ పెద్ద విమానాలు ఆగే గేట్లలో ఎక్కువ భాగం 65 మీటర్ల లోపు వెడల్పున్న వాటి కోసం కట్టినవి. గాల్లో పొడవు కావాలి, నేల మీద ఇరుకులో పట్టాలి. ఈ రెండు అవసరాలను కలిపేందుకు ఒక్కో వైపు మూడున్నర మీటర్ల కొసకు మడత బిగించి, గాల్లో అది మడత పడకుండా తాళం వేసే యంత్రాంగం పెట్టారు. ఏరోడైనమిక్స్ పుస్తకంలో ‘ఆస్పెక్ట్ రేషియో’ అని ఒక పేరాలో ముగిసే విషయం అక్కడ కళ్లెదుట నిలబడి ఉంటుంది. దాని కింద నిలబడి మడత దగ్గర భారం ఎటు పోతుందని అడిగిన విద్యార్థి, ఫొటో తీసుకున్నవారికన్నా ఎక్కువ తీసుకెళతారు.

విన్యాసాలకు మరో ముఖం కూడా ఉంది. 2010 మార్చి 3న ఇదే ప్రదర్శనలో నౌకాదళ ‘సాగర్ పవన్’ జట్టు విమానం ఒకటి బోయినపల్లి దగ్గర ఇళ్ల మధ్య కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. నగరం నడిబొడ్డున ఉన్న రన్‌వే మీద విన్యాసాలకు ఎంత హద్దు ఉండాలన్న ప్రశ్న భద్రతా శాస్త్రం చదివేవారు ఆలోచించవలసినదే.

ఏడాది పొడవునా జరిగే చిన్న సభలది వేరే తీరు. ఖైరతాబాద్‌లోని విశ్వేశ్వరయ్య భవన్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ వారి తెలంగాణ కేంద్రం. ఆ సంస్థ 1920లో పుట్టింది, దానికి ఏరోస్పేస్ విభాగం ఉంది. సెప్టెంబరు 15 ఇంజినీర్ల దినోత్సవమే కాక, మిగతా రోజుల్లోనూ ఉపన్యాసాలు, సెమినార్లు జరుగుతుంటాయి. విమాన రంగానికే ప్రత్యేకమైనది 1948లో ఏర్పడిన ఏరోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియా. దానికి హైదరాబాద్ శాఖ ఉంది. విద్యార్థి సభ్యత్వం తీసుకుంటే ఉపన్యాసాల కబురు అందుతుంది.

ఈ సొసైటీ జరిపే అసోసియేట్ సభ్యత్వ పరీక్ష, అంటే సెక్షన్ ఎ, సెక్షన్ బి పూర్తిచేస్తే ఇంజినీరింగ్ డిగ్రీతో సమానమని ఒకప్పుడు ఎందరో రాశారు. 2013 మే 31 వరకు పేరు నమోదు చేసుకున్నవారికే ఆ సమానత్వం వర్తిస్తుందని కేంద్రం 2012 డిసెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఫీజు కట్టే ముందు ఇప్పుడు అమల్లో ఉన్న ఉత్తర్వును కళ్లారా చదవాలి. ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకూడదు.

సభకు వెళ్లేవారు చేయవలసింది కొంచెమే. ఆహ్వానంలో ఉన్న అంశం పేరును ముందురోజు చదివి, అందులో తెలియని మాటలు చూసుకోవాలి. వెనక వరుసలో కాక మధ్యలో కూర్చోవాలి. ప్రశ్నలకు సమయం ఇచ్చినప్పుడు నోరు పెగలకపోయినా నష్టం లేదు. అసలు సంభాషణ టీ బల్ల దగ్గరే జరుగుతుంది. రిటైరైన ఇంజినీర్లకు చెప్పాలని ఉంటుంది, వినేవారే దొరకరు.

రాజ్‌భవన్ రోడ్డులో, సోమాజిగూడ వైపు ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో గురించి ఏరోస్పేస్ విద్యార్థులకు అంతగా తెలియదు. తెలియవలసిన చోటు అది. 1983లో మొదలైన ఈ సంస్థ హామ్ రేడియో, అంటే వ్యాపారం కోసం కాక అభిరుచి కొద్దీ నడిపే రేడియో నేర్పిస్తుంది. 2004 డిసెంబరులో దీని తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌కు వెళ్లి అక్కడి నుంచి ప్రపంచ హామ్‌లతో మాట్లాడుతుండగానే సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి సమాచారం చేరవేసింది ఆ రేడియోలే.

హామ్ రేడియోకు, ఉపగ్రహాలకు సంబంధం పాతదే. 2005 మే 5న ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ-సీ6 కార్టోశాట్-1 ఉపగ్రహంతో పాటు 42.5 కిలోల హామ్‌శాట్‌ను కక్ష్యలో పెట్టింది. హైదరాబాద్ కంపెనీ ధ్రువ స్పేస్ 2022 నవంబరు 26న పీఎస్ఎల్‌వీ-సీ54 మీద పంపిన రెండు థైబోల్ట్ ఉపగ్రహాలు కూడా హామ్‌ల వాడకానికి ఉద్దేశించినవే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్ మీద హామ్‌లకు సంకేతాలు పంపుతుంది. అది నెత్తిమీదుగా దాటిపోయేది పది నిమిషాలు. సెకనుకు 7.66 కిలోమీటర్ల వేగంతో దగ్గరికొస్తున్నప్పుడు ఆ సంకేతం అసలు పౌనఃపున్యం కన్నా 3 కిలోహెర్ట్జ్ పైచిలుకు ఎక్కువగా వినిపిస్తుంది, దూరమవుతున్నప్పుడు అంతే తక్కువగా. రిసీవర్‌ను ఆ పది నిమిషాలూ సర్దుతూ పోవాలి. 435 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడే ఉపగ్రహమైతే తేడా 10 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది. డాప్లర్ సూత్రాన్ని పరీక్షలో రాయడం వేరు, మేడ మీద యాంటెనా పట్టుకుని తిప్పుతూ దాన్ని వెంటాడడం వేరు. ప్రసారం చేయడానికి మాత్రం లైసెన్స్ తప్పనిసరి. 12 ఏళ్లు నిండినవారు కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ పరీక్ష రాయవచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ అక్కర్లేదు, జనరల్ గ్రేడ్‌కు కావాలి.

స్కూలు పిల్లలకు మొదటి మెట్టు నౌబత్ పహాడ్ మీద బి.ఎం. బిర్లా ప్లానెటోరియం. అది 1985లో మొదలైంది. 2019లో అదే ప్రాంగణంలో ఇస్రో సహకారంతో అంతరిక్ష ప్రదర్శనశాల వచ్చింది. ఈ నగరంలో ఆకాశాన్ని చూసే అలవాటు అంతకన్నా పాతది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ తర్వాత బేగంపేటకు మారింది. ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని భాగాలుగా పంచుకుని నక్షత్ర పట్టిక తయారుచేసినప్పుడు ఒక భాగం దీని వంతుకు వచ్చింది. ఇప్పుడా ప్రాంగణంలో ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం నడుస్తోంది. పంజాగుట్ట బస్సుల్లో రోజూ వెళ్లేవారిలో చాలామందికి అక్కడ టెలిస్కోప్ ఉండేదన్న సంగతే తెలియదు.

అక్టోబరు 4 నుంచి 10 వరకు ప్రపంచ అంతరిక్ష వారం. మొదటి తేదీ 1957లో స్పుత్నిక్ ఎగిరిన రోజు, చివరిది 1967లో అంతరిక్ష ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజు. శ్రీహరికోటలోని ఇస్రో ప్రయోగ కేంద్రం షార్ ఆ వారంలో తెలుగు రాష్ట్రాల ఊళ్లలో ప్రదర్శనలు, క్విజ్‌లు, వ్యాసరచన పోటీలు పెడుతుంది. చంద్రయాన్-3 దిగిన ఆగస్టు 23 ఇప్పుడు జాతీయ అంతరిక్ష దినోత్సవం. తొమ్మిదో తరగతి పిల్లల కోసం 2019లో ఇస్రో మొదలుపెట్టిన యువికా శిక్షణ రెండు వారాలు ఉంటుంది. ఎనిమిదో తరగతి మార్కులతో పాటు పల్లె బడిలో చదివినవారికి ప్రత్యేకంగా కొంత వెయిటేజీ ఇస్తారు. ఇది మెచ్చుకోదగిన ఏర్పాటు.

పోటీల దగ్గర ఆగి చూడవలసింది ఉంది. ఎస్ఏఈ ఇండియా వారి ఏరో డిజైన్ పోటీలో విద్యార్థి జట్లు రిమోట్ విమానం తయారుచేసి బరువు ఎత్తించాలి. ఆస్ట్రోనాటికల్ సొసైటీ, ఇస్రో, ఇన్‌స్పేస్ కలిసి క్యాన్‌శాట్, మోడల్ రాకెట్ పోటీలు నడుపుతున్నాయి. క్యాన్‌శాట్ ఆలోచన 1998లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ బాబ్ ట్విగ్స్‌ది. కూల్‌డ్రింక్ డబ్బా అంత చోటులో ఉపగ్రహానికి ఉండే అంగాలన్నీ ఇమడాలి. యూరప్ పోటీల్లో దాని ఎత్తు 115 మిల్లీమీటర్లు, వ్యాసం 66, బరువు 300 నుంచి 350 గ్రాములు. భారత పోటీల కొలతలు వేరు, ఏ ఏడాది నిబంధనలు ఆ ఏడాదివే చూడాలి.

అందులో పారాచూట్ లెక్క చూడడానికి చిన్నదే. 350 గ్రాముల డబ్బా సెకనుకు 8 మీటర్ల వేగంతో దిగాలనుకుందాం. స్థిర వేగం వచ్చాక బరువు, గాలి నిరోధం సమానం. గాలి సాంద్రత ఘనమీటరుకు 1.2 కిలోలు, నిరోధ గుణకం 0.8 అనుకుంటే కావలసిన వైశాల్యం 0.11 చదరపు మీటర్లు, అంటే దాదాపు 38 సెంటీమీటర్ల వ్యాసమున్న వృత్తం. వేగం సగానికి తగ్గించాలంటే వ్యాసం రెట్టింపు కావాలి, గుడ్డ నాలుగింతలు కావాలి. ఇంత గుడ్డను డబ్బాలో ఎక్కడ మడవాలి, గాలికి డబ్బా ఎంత దూరం కొట్టుకుపోతుంది, దొరకకపోతే డేటా ఎలా వస్తుంది? ప్రశ్నలు ఇలా ఒకదాని మీద ఒకటి వస్తాయి. గెలుపు ఎటు పోయినా, ఒక్క లెక్క మిగతా అంగాలన్నిటినీ ఎలా కదిలిస్తుందో ఇక్కడ తెలిసినంతగా మార్కుల పరీక్షలో తెలియదు.

ఇక అమీర్‌పేట కోచింగులు. ఈ సందుల్లో కరపత్రాల మీద కనిపించే క్యాటియా 1977లో ఫ్రాన్స్‌లో దసో విమాన కంపెనీ తన విమానాలను గీసుకోవడానికి తయారుచేసుకున్నది. నాస్ట్రాన్ 1960ల్లో నాసా తన నిర్మాణాల బలాన్ని లెక్కగట్టడానికి రాయించుకున్నది. విమానాల కోసం పుట్టిన పనిముట్లు ఇక్కడ రెండు నెలల బ్యాచ్‌లుగా దొరుకుతున్నాయి. నేర్చుకోవడం మంచిదే, కంపెనీలు అడుగుతాయి కూడా. డెమో క్లాసులో బటన్లు చూపించినవారిని, ఈ భాగానికి ఇంత మందం ఎందుకని ఒక ప్రశ్న అడిగితే కోర్సు లోతు తెలిసిపోతుంది. ఎంఐటీలో మార్క్ డ్రేలా రాసిన ఎక్స్‌ఫాయిల్, నాసా వారి ఓపెన్‌వీఎస్‌పీ ఉచితం. రెక్క గురించి మొదటి ప్రయోగాలు ఇంట్లోనే చేసుకోవచ్చు.

డ్రోన్ తయారుచేసినవారు దాన్ని అమీర్‌పేటలో మేడ మీద నుంచి ఎగరేయకూడదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం పనిచేస్తున్న విమానాశ్రయానికి 8 కిలోమీటర్ల లోపు గ్రీన్ జోన్, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోటు, ఉండదు. బేగంపేటలో నేటికీ ప్రభుత్వ, శిక్షణ విమానాలు తిరుగుతున్నాయి. ఎగరేసే ముందు ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్ పటంలో ఆ చోటు రంగు చూసుకోవాలి.

రాకెట్ ప్రయోగం చూడాలనుకునేవారికి శ్రీహరికోటలో 2019 మార్చి 31న సందర్శకుల గ్యాలరీ తెరిచారు. మర్నాడే అక్కడి నుంచి ప్రజలు పీఎస్ఎల్‌వీ-సీ45ను చూశారు. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు ఆన్‌లైన్ నమోదు మొదలవుతుంది, సీట్లు త్వరగా నిండుతాయి. సూళ్లూరుపేట దాకా రైలు ఉంది. ప్రయోగం వాయిదా పడడం మామూలే కాబట్టి తిరుగు టికెట్టు ఒక రోజు ఆలస్యంగా ఉండేలా తీసుకోవడం మేలు.

ఇట్లు,
పెదనాన్న