వేసవిలో పెరటి కూరతోట



వర్షకాలమున పెరటిలో కూరలు పండించుట పెద్ద విద్య కాదు. మే 25వ తేదీ ప్రాంతమున ప్రవేశించు రోహిణి కార్తె యెండలో పాదులను బ్రదికించుకొనుటయే నిజమైన సేద్యము. ఆ దినములలో నూతి నీరు అడుగంటును. అంగడిలో కూరల వెల పెరుగును. అప్పుడు పెరటి తోటకూరయే పిల్లల కంచములకు ఆధారము.

నా తొలి తోట నా తప్పిదముచేతనే యెండిపోయినది. మధ్యాహ్నమున ఆకు వ్రేలాడుట చూచి దినదినము చెంబెడు నీరు చల్లుచుంటిని. ఆ నీరు అంగుళమైనను దిగక ఆవిరియయ్యెను. వేళ్లు పైతడినే ఆశ్రయించి, ఒక్కనాడు నీరు తప్పగా మాడిపోయెను. మధ్యాహ్నమున వాడిన మొక్క సాయంకాలమునకు తేరుకొన్నచో దానికి నీరు చాలినట్లే. ఉదయమునను వాడియున్న మొక్కకే నీరు కావలెను.

కావున తెల్లవారుజామున గాని ప్రొద్దుక్రుంకిన పిమ్మట గాని పాదు నిండ నెమ్మదిగా పోయుడు. గంట తరువాత పుల్లతో త్రవ్వి చూడుడు. జానెడు లోతు తడిసినచో చాలును. పైమన్ను రెండంగుళములు ఆరువరకు మరల పోయవలదు. పైపై వేళ్లుగల ఆకుకూరలకు మాత్రము తరచుగా తడి కావలెను.

పాదులపై బెత్తెడు మందమున ఎండుగడ్డి గాని చెరకాకు గాని పరచి, మొదలునకు రెండంగుళములు ఎడము విడువుడు. తడి నిలుచును, కలుపు అణగును. చెదలు చేరినవేమో అప్పుడప్పుడు ఎత్తి చూడవలెను.

నీరు మిక్కిలి కొరతయైన చోట, విత్తుటకు ముందే మెరుగుపూత లేని మట్టికుండను మెడవరకు పాతి, చుట్టును దోస, బీర, ఆనప గింజలు పెట్టుడు. కుండ నింపినచో, మన్ను ఆరినకొలది నీరు దానంతట ఊరుచుండును. మూత లేనిచో దోమలు గ్రుడ్లు పెట్టును.

బెండ, గోరుచిక్కుడు, గోంగూర ఎండను ఓర్చును. టొమాటో యట్లు కాదు; పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రియు వెచ్చగానున్నచో పూత రాలును. దానికి యూరియా వేసి ప్రయోజనము లేదు. పడమట తాటాకు తడిక నిలుపుడు.

బెండాకు ఈనెలు పసుపుబారుట తెల్లదోమ తెచ్చు తెగులు. అట్టి మొక్కను పెరికి నాశనము చేయుడు. తక్కిన వానిపై, లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు పొడి రాత్రి నానబెట్టి, వడగట్టి, సాయంకాలమున చల్లుడు.

ఈ వారము ప్రతి సభ్యుడును ఒక పాదునకు గడ్డి పరచి, ప్రక్కదానిని ఊరక విడిచి, మూడవనాడు రెండింటిని త్రవ్వి చూడవలెను. ఆ తేడాను ఇంటి స్త్రీలకును చూపుడు. నూతినుండి బిందెలు మోయువారు తరచుగా వారే కదా.