కర్రను నమ్మి కరెంటు దగ్గరకు వెళ్లకండి

"చేతిలో కర్ర ఉంటే షాకు కొట్టదు" అని చాలామంది అనుకుంటారు. ఇది సగమే నిజం. బాగా ఎండిన కర్ర ఇంటిలోని 230 వోల్టులను కొంత అడ్డుకుంటుంది. వీధిలో వెళ్లే 11,000 వోల్టుల తీగ దగ్గర దానిని నమ్మకూడదు. మన డెల్టాలో గాలికి, వానకు కర్ర తేమ పీల్చుకుంటుంది. ఆ తేమలో కరెంటు పారితే కర్ర కాలి బొగ్గవుతుంది. ఆ బొగ్గే కరెంటుకు దారి. పైన వార్నీషు పూసినా, టేపు చుట్టినా భరోసా లేదు.

2024 నవంబరు 4న ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతుండగా కరెంటు తగిలి నలుగురు యువకులు చనిపోయారు. ఫ్రేము ఇనుముదైనా, కర్రదైనా తీగల దగ్గరకు తీసుకువెళ్లకండి. కొబ్బరికాయలు కోసే గెడ విషయంలోనూ అంతే. గెడకు తీగ కట్టి, కాలువలో కరెంటు పెట్టి చేపలు పట్టడం అసలే వద్దు.

ఎవరికైనా కరెంటు తగిలితే మేము చెప్పేది ఇది:

1. ఇంట్లో అయితే ముందు మెయిన్ ఆపండి.
2. లైను తీగ అయితే కర్రతో కూడా దగ్గరకు వెళ్లకండి. 1912కు ఫోన్ చేసి సరఫరా ఆపించండి. 108కి కూడా చెప్పండి.
3. సరఫరా ఆగిన తరువాతే మనిషిని ముట్టుకోండి. ఊపిరి లేకపోతే రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కండి.
4. పైకి చిన్న మచ్చే కనిపించినా లోపల కండరాలు, గుండె దెబ్బతిని ఉండవచ్చు. తప్పక ఆసుపత్రికి తీసుకురండి.