టైరు మీది అంకెలు ఏం చెబుతాయి?

చురుకుగా పరుగెత్తే చిన్న కారు. రోజూ తిరగాలి. కొత్త టైర్లకు డబ్బు తక్కువ. ధర అడిగే ముందు టైరు పక్కభాగం చదవండి. 195/55 ఆర్ 16 87 వి అని ఉందనుకొందాం. వెడల్పు 195 మి.మీ.; ఎత్తు అందులో 55 శాతం, అనగా సుమారు 107 మి.మీ. ఆర్ రేడియల్‌కు గుర్తు. చక్రం వ్యాసం 16 అంగుళాలు. 87 అంటే ఒక్కొక్క టైరు 545 కిలోలు మోస్తుంది. వి అంటే గంటకు 240 కిలోమీటర్ల వేగానికి తట్టుకొంటుంది. (అంత వేగంతో మీరు పోనక్కరలేదు!) అయినా కారు తయారీదారు చెప్పినదానికంటె తక్కువ రకం వేయరాదు. వేగంతో టైరు వేడెక్కుతుంది మరి.

ఇక పట్టు సంగతి. మెత్తని రబ్బరు రోడ్డు మీది సన్నని గరుకులలోకి ఒదిగి గట్టిగా పట్టుకొంటుంది, కాని త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు మన్నుతుంది, పట్టు తక్కువ. రెండు గుణాలూ చవకగా ఒకేచోట దొరకడం అరుదు. రోజువారీ కారుకు మధ్యరకం చాలు. తడి రోడ్డు మీద బాగా ఆగుతుందా అన్నది మాత్రం తప్పక విచారించాలి. గాడులు నీటిని పక్కకు తోస్తేనే రబ్బరు రోడ్డును తాకుతుంది. లేకుంటే కారు నీటిపొరపై తేలి, బ్రేకు వేసినా జారిపోతుంది. గాడుల అడుగున 1.6 మి.మీ. ఎత్తున చిన్న దిమ్మెలుంటాయి. రబ్బరు అరిగి వాటితో సమమైతే టైరు మార్చవలసిందే.

చవక టైరు పాత సరుకేమో కూడా చూడండి. తయారీ గుర్తు చివర 1025 అని ఉంటే, అది 2025వ సంవత్సరం పదవ వారంలో తయారైనది.